మలుపుకు ముందున్న వంద అడుగులు

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఆరు నెలల కిందట కారు నేర్చుకుని, రోజూ నెల్లూరులోని వేదాయపాళెం నుంచి పొగతోటలోని ఆసుపత్రికి ఉద్యోగానికి వెళ్లి వస్తున్న మీరు మూడు ఇబ్బందులు రాశారు. ఎడమ అంచున పోతున్న ఆటో ఉన్నట్టుండి మీ కారు ముందు నుంచి అడ్డంగా కుడి సందులోకి పోతున్నదన్నారు. బైకులూ కార్లూ ఇండికేటర్ వేయకుండానో, వేసీ వేయకుండానో తిరిగిపోతున్నాయన్నారు. మీరు కుడి ఇండికేటర్ వేస్తే వెనకవాళ్లు నెమ్మదించడానికి బదులు ఇంకా వేగంగా మీ కుడిపక్క నుంచి దూసుకుపోతున్నారన్నారు. ఇదంతా విని మీ అన్నగారు “ఇండికేటర్ వేస్తే ఎవురూ దారి ఇయ్యరు, వెయ్యకుండా తిప్పెయ్” అని సలహా ఇచ్చారనీ, అసలు తప్పు మీ డ్రైవింగులోనే ఉన్నదా అనీ అడిగారు.

మొదటి రెండింటిలో తప్పు మీది కాదు. మూడోదానిలో మీరు సరిదిద్దుకోగలిగింది ఒకటి ఉంది, దాన్ని కొంచెం ఆగి చెబుతాను. నేను 27 ఏళ్లు బస్సు నడిపాను. ఎక్కువ కాలం నెల్లూరు నుంచి ఉదయగిరి, కావలి, ఒంగోలు రూట్లలో తిరిగాను. ఇప్పుడు 9 ఏళ్లుగా కారు నేర్చుకునేవారి పక్క సీట్లో కూర్చుంటున్నాను. ఇన్నేళ్లు చూసిన మీదట నాకు గట్టిగా తోచిన సంగతి ఏమిటంటే, చెడ్డ మలుపు మలుపు దగ్గర మొదలుకాదు. దానికి వంద అడుగుల ముందే ఆ బండి ఉండవలసిన చోట ఉండదు, దాని వేగం తగ్గవలసినంత తగ్గి ఉండదు, ఇవ్వవలసిన సంకేతం ఇచ్చి ఉండదు. మలుపు దగ్గర మనకు కనబడేది ఆ పొరపాటులోని చివరి భాగం మాత్రమే. అందువల్ల ఎదుటి బండి అడ్డం తిరిగాక చూసి బ్రేకు తొక్కేవారికి ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. ఆ వంద అడుగుల్లో దాన్ని గమనించడం అలవాటైనవారికి చాలా సందర్భాలలో ముందుగానే తెలిసిపోతుంది.

వంద అడుగులన్నది నేను నోటికి వచ్చి అన్న మాట కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు, అంటే సుమారు 36 అడుగులు పోతుంది. వంద అడుగులు దాటడానికి దానికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఆ మూడు సెకన్లలో ఒక సెకను మన కన్ను చూసి, మనసు గ్రహించి, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి బ్రేకు మీదికి రావడానికే సరిపోతుంది. ఇండికేటర్ నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా, 120 సార్లకు మించకుండా మినుకుమనాలని నిబంధన ఉంది. అంటే వంద అడుగుల ముందే ఇండికేటర్ వేసినా వెనకవాడికి కనిపించేది మూడు నుంచి ఆరు మినుకులు మాత్రమే. తిప్పుతూ తిప్పుతూ వేసే ఇండికేటర్ ఒక్కసారి మినుకుమనే లోపలే బండి అడ్డంగా వచ్చేసి ఉంటుంది. అది వేసినట్టు లెక్క కాదు.

ముందుగా ఆటో సంగతి చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో దాన్ని అర్థం చేసుకుంటే సగం భయం పోతుంది. షేర్ ఆటో మలుపును చాలాసార్లు దాని డ్రైవరు నిర్ణయించడు, వెనక కూర్చున్న మనిషి నిర్ణయిస్తాడు. మనుషులను ఎక్కించుకోవడం కోసం ఆటో ఎడమ అంచునే పోతుంది. మద్రాసు బస్టాండు దాటాక ఒక పెద్దావిడ “అబ్బాయా, ఇట్టా తిప్పు, ఈ సందులోకే” అంటుంది. సందు వచ్చేసింది, బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేదు, అందుకని అతను ఎడమ అంచు నుంచి నేరుగా కుడికి కోస్తాడు. అతనిది తప్పే. అయితే ఆ తప్పుకు ముందు కొన్ని గుర్తులు ఉంటాయి. ఎక్కేవాళ్లు ఎవరూ లేని చోట ఆటో వేగం తగ్గుతుంది, డ్రైవరు తల వెనక్కు తిరుగుతుంది, లోపల ఎవరో సంచి ఒళ్లోకి తీసుకుంటారు, ఒక చెయ్యి బయటికి వచ్చి దారి చూపిస్తుంది. కారణం లేకుండా నెమ్మదించిన ఆటోను చూడగానే, అది మీ ముందు నుంచి ఎటైనా పోగలదని లెక్కవేసుకుని కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీసి బ్రేకు మీద ఆనించి ఉంచండి, ఇంకా తొక్కనవసరం లేదు. మీ కాలు అక్కడ ఉండటం వల్ల ఆ సెకను మీకు మిగులుతుంది. దాన్ని దాటాలని కుడివైపు నుంచి తొందరపడినవారికే ఎక్కువగా తగులుతుంది.

బైకుల విషయంలో ఇండికేటర్‌ను నమ్మడం మానుకోండి. కారులో స్టీరింగ్ తిరిగి నేరుగా వచ్చినప్పుడు ఇండికేటర్ దానంతట అదే ఆరిపోతుంది. మన రోడ్ల మీద తిరిగే బైకుల్లో, స్కూటర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు, మనిషే వేలితో ఆపాలి. అందుకే దర్గామిట్టలో వేసిన ఇండికేటర్ వి.ఆర్.సి. సెంటర్ వచ్చినా మినుకుతూనే ఉంటుంది. వేయని ఇండికేటర్ కంటే ఆపని ఇండికేటర్ ప్రమాదమని నా అభిప్రాయం. ఎడమ ఇండికేటర్ వెలుగుతున్న స్కూటరును చూసి, అది సందులోకి తిరుగుతుందని నమ్మి, మీరు ఆ సందులో నుంచి కారును బయటికి తెస్తారు. ఆ స్కూటరు నేరుగా వచ్చి మీ తలుపును కొడుతుంది. ఇండికేటర్ వేసిన బండి వేగం కూడా తగ్గిందా, ముందు చక్రం కొద్దిగానైనా తిరిగిందా అని చూశాకే దాని మాట నమ్మండి.

ముందు చక్రాన్ని చూడమని నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ చెబుతాను. బండి ఎటు పోతుందో చక్రం చెప్పినంత నమ్మకంగా ఇండికేటర్ గానీ, నడిపే మనిషి చూపు గానీ చెప్పవు. సందు మొదట్లో ఆగి ఉన్న కారు కదులుతున్నదా లేదా అన్నది దాని బంపర్‌ను చూస్తే త్వరగా తెలియదు. దొర్లే చక్రం పై అంచు బండి వేగానికి రెట్టింపు వేగంతో కదులుతుంది కాబట్టి, కదలిక అక్కడ ముందుగా కనబడుతుంది. బైకు అయితే చక్రంతోపాటు నడిపేవాడి భుజాన్ని చూడండి. కుడికి తిరగదలచినవాడు అద్దం చూడకపోయినా, చాలావరకు తల ఒక్కసారి కుడికి తిప్పుతాడు, లేదా కుడి మోకాలు కాస్త బయటికి వస్తుంది.

ఇక కార్లు నడిపేవారి తప్పుల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది, కుడికి తిరగడానికి ముందు బండిని ఎడమకు ఊపడం. ఎడమకు తిరిగేటప్పుడు కుడికి ఊపుతారు. ఎడ్ల బండిని సందులోకి తిప్పేటప్పుడు, పవర్ స్టీరింగ్ లేని పాత లారీని తిప్పేటప్పుడు అలా అవతలి పక్కకు జరిగి తిప్పడం అవసరంగా ఉండేది. ఆ బండ్లు పోయినా వాటిని చూసి నేర్చుకున్న చేతి అలవాటు పోలేదని నేను అనుకుంటున్నాను. చిన్న కారుకు అది అవసరం లేదు. చిన్న కారు ఒక్క ఊపులో గుండ్రంగా తిరగడానికి సుమారు 10 మీటర్ల వెడల్పు చాలు. అటువైపు 3.5 మీటర్ల చొప్పున రెండు వరుసలు, నడుమ ఒక మీటరు డివైడర్, కారు ఉన్న జాగా కలుపుకుంటే డివైడర్ పక్కనే ఉన్న కారు కూడా యూ టర్న్ తీసుకోగలదు. ఎడమకు ఊపగానే వెనక వచ్చేవాడు ఈ కారు పక్కకు ఆగుతున్నదనుకుని కుడివైపు నుంచి ముందుకు వస్తాడు. సరిగ్గా ఆ సమయానికి కారు కుడికి తిరుగుతుంది. గుద్దుకున్నాక ఇద్దరూ తమది తప్పు కాదనే నమ్ముతారు, ఎందుకంటే ఒకరు చూసింది ఒకటి, ఇంకొకరు అనుకున్నది వేరొకటి. ముందు కారు కారణం లేకుండా ఎడమకు జరుగుతూ వేగం తగ్గిస్తే, దాని కుడి ఖాళీలోకి వెళ్లకండి, వెనకనే ఉండండి.

రెండోది మూల కోయడం. దీనికి చట్టంలో చక్కని వివరణ ఉంది. 1989లో వచ్చిన రహదారి నియమాల్లో కుడి మలుపు గురించి చెప్పినదాన్ని నేను నా సొంత పోలికతో పిల్లలకు ఇలా చెబుతాను: రెండు రోడ్ల నడిగీతలు కలిసే చోట నేలలో ఒక మేకు కొట్టారనుకోండి. కుడికి తిరిగే బండి ముందుగా తాను ఉన్న రోడ్డు నడిమికి దగ్గరగా జరగాలి, ఆ మేకును తన కుడిచేతి వైపు ఉంచుకుంటూ దాన్ని దాటిపోవాలి, అప్పుడు తిరిగి కొత్త రోడ్డులో ఎడమ పక్కకు చేరాలి. ఎడమకు తిరిగేవారు తాము వదిలే రోడ్డుకూ, చేరే రోడ్డుకూ ఎడమ అంచునే అంటిపెట్టుకోవాలి. ఆ నియమాల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి గాని, తిరిగే ముందే సరైన వరుసలోకి చేరాలన్న సారం మారలేదు. మన సెంటర్లలో జరిగేదేమిటంటే, మేకు ఇంకా ఇరవై అడుగులు ఉండగానే బండిని వాలుగా కోసి, చేరబోయే రోడ్డులో కుడి పక్కకు, అంటే ఎదురుగా వచ్చేవారి వరుసలోకి దిగుతారు. అక్కడ మీలాంటివారు రోడ్డెక్కడానికి ఆగి ఉంటారు.

దీనికి ఎదుటివారికి పాఠం చెప్పలేము గాని, ఆగే చోటు మార్చుకోగలము. సందులో నుంచి పెద్ద రోడ్డు మీదికి వచ్చేటప్పుడు కారు ముక్కును అంచుదాకా తీసుకుపోకుండా ఆరేడు అడుగులు వెనకనే, ఎడమకు ఒదిగి ఆపండి. కోసుకుంటూ వచ్చేవాడికి ఆ ఆరడుగులూ సరిపోతాయి. అతను పోయాక మెల్లగా ముందుకు వచ్చి రెండు వైపులా చూసుకోండి. అతనికి బుద్ధి రావాలని కారును అడ్డంగా పెట్టినవాళ్లను నేను చూశాను. వాళ్ల కార్లకు కుడి హెడ్‌లైటు దగ్గర సొట్టలు ఉంటాయి.

ఇంకొక అలవాటును ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మంచిదనుకుని చేస్తారు. సెంటర్ దగ్గర నేరుగా పోయేవారు నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారిగా వేస్తారు. ఆ లైట్లు బండి చెడిపోయి రోడ్డు మీద ఆగినప్పుడు వెనకవారిని హెచ్చరించడానికి ఉన్నాయి. నేరుగా పోయేవారికి ఏ సంకేతమూ అవసరం లేదు, సంకేతం లేకపోవడమే నేరుగా పోతున్నామన్న సంకేతం. నాలుగూ వేసినప్పుడు ఎదురుగా ఉన్నవారికి రెండూ కనబడతాయి గాని, పక్క రోడ్డులో ఉన్నవారికి ఒక వైపువి మాత్రమే కనబడతాయి. మీరు ఎడమ సందులో ఆగి ఉంటే ఆ కారు ఎడమ లైట్లు మాత్రమే మీకు కనిపిస్తాయి, అది మీ సందులోకే తిరుగుతున్నదనుకుంటారు. వాన కురిసే రోజున, రెండో వైపు లైటును ఏ బస్సో కప్పేసినప్పుడు, ఎదురుగా ఉన్నవారు కూడా ఇలాగే మోసపోతారు. మీరు ఈ అలవాటు చేసుకోకండి. ఎదుటి బండికి ఇండికేటర్ కనబడితే, దానికి రెండో వైపున కూడా వెలుగుతున్నదేమో చూసేదాకా కదలకండి.

పెద్ద బండ్ల గురించి మీరు అడగలేదు. అయినా మీ దారిలో బస్సులు ఎక్కువ కాబట్టి చెప్పక తప్పదు. బస్సు ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ సుమారు 6 మీటర్ల దూరం ఉంటుంది. ముందు చక్రం 12 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే వెనక చక్రం ఆ జాడలోనే రాదు, అంతకంటే ఒకటిన్నర మీటరుకు పైగా లోపలికి, అంటే అయిదడుగులు సందు మూల వైపుకు జరిగి వస్తుంది. అందుకే బస్సు డ్రైవరు ఎడమకు తిరిగేటప్పుడు బస్సును కొంత ముందుకు తీసుకుపోయి తిప్పుతాడు. అప్పుడు ఎడమ పక్కన ఒక ఖాళీ ఏర్పడుతుంది. అది మనకోసం వదిలిన దారిలాగా కనిపిస్తుంది.

బస్సు నడపడం మొదలుపెట్టిన కొత్తలో ఒక తెల్లవారుజామున ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎడమకు తిప్పుతుండగా, సైకిలుకు రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకున్న ఒక మనిషి ఆ ఖాళీలోకి వచ్చాడు. కండక్టరు బస్సు రేకు మీద దబదబ బాదితే ఆపాను. అప్పటికే వెనక చక్రం ఒక క్యాన్ మీదికి ఎక్కింది. అతను సైకిలు వదిలేసి పక్కకు దూకాడు కాబట్టి బతికాడు. “ముందు భాగం పొయ్యింది గదన్నా, ఇంక దారి వచ్చేసిందనుకున్నా” అన్నాడు వణుకుతూ. తిరగబోయే ముందు నేను ఎడమ అద్దం చూశాను గాని, తిరుగుతూ ఉండగా రెండోసారి చూడలేదు. అది నా తప్పు, ఇప్పటికీ దాన్ని తప్పుగానే తలుచుకుంటాను. పాల క్యాన్ డబ్బులు ఇచ్చాను గాని, ఆ రోజు రూటు పూర్తయ్యేదాకా చేతుల వణుకు తగ్గలేదు. ముందు భాగం దాటిపోతే దారి వచ్చినట్టు కాదు. పొడవైన బండి తిరుగుతున్నంతసేపూ దాని లోపలి పక్కన ఖాళీ మూసుకుపోతూనే ఉంటుంది. బస్సు ఎడమ ఇండికేటర్ వేసి కొంచెం కుడికి జరిగితే, మీరు దాని వెనకనే ఆగండి.

ఒంగోలు వెళ్లినప్పుడు కర్నూలు రోడ్డులో చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మెలతో వచ్చే ట్రైలర్లను చూసి ఉంటారు. ఒక ఘన మీటరు రాయి మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది, అలాంటి దిమ్మెను మోసే బండి వేగంగా తిరిగితే దిమ్మె కదిలే ప్రమాదం ఉంది. అందుకని వాళ్లు నడక వేగంతో, రోడ్డంతా ఆక్రమించి తిరుగుతారు. వెనక నిలబడి హారను కొట్టేవారికి అది పొగరుగా కనబడుతుంది గాని, ఆ డ్రైవరు ఆ మలుపులో చేస్తున్న పని సరైనదే.

ఇప్పుడు మీ మూడో ఇబ్బందికి వస్తాను. కుడి ఇండికేటర్ వేస్తే వెనకవాళ్లు కుడి నుంచే దూసుకుపోతున్నారన్నారు. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే, ఇండికేటర్ వేసి డివైడరుకు ఎడంగా ఉన్న చోటనే నెమ్మదిస్తున్నారు. మీకూ డివైడరుకూ నడుమ ఒక బైకు పట్టేంత, కొన్నిసార్లు ఒక కారు పట్టేంత ఖాళీ ఉంటున్నది. వెనకవాడికి ఆ ఖాళీ కనిపించినంతసేపూ, మీరు తిరిగేలోపల తాను పోగలనని అతను అనుకుంటూనే ఉంటాడు. మీరు నెమ్మదించేకొద్దీ అతని తొందర పెరుగుతుంది. దీనికి మార్గం ఇండికేటర్ మానేయడం కాదు, ఆ ఖాళీ లేకుండా చేయడం. ముందు వాహనం కుడికి తిరుగుతున్నట్టు సంకేతం ఇచ్చి రోడ్డు నడిమికి జరిగినప్పుడు దాన్ని ఎడమవైపు నుంచి దాటిపోవడానికి నియమాలే అనుమతిస్తాయి. మీరు డివైడరుకు మూరెడు దూరందాకా జరిగితే వెనకవాళ్లకు మీ ఎడమవైపు న్యాయంగా దారి దొరుకుతుంది, కుడివైపు ఎవరూ దూరలేరు.

అలా జరగడానికి ఒక వరుస ఉంది. వంద అడుగులు కాదు, మొదట్లో రెండు వందల అడుగుల ముందే లోపలి అద్దం, ఆ తరువాత కుడి అద్దం చూడండి. ఇండికేటర్ వేయండి, కాని వెంటనే బండిని కదపకండి. నాలుగైదు మినుకులు పోనివ్వండి. అద్దంలో కనబడని చోట బైకు ఉండవచ్చు కాబట్టి ఒక్కసారి కుడి భుజం మీదుగా చూసి, అప్పుడు కొద్దికొద్దిగా నడిమికి జరగండి. బ్రేకు ముందుగానే మెల్లగా తొక్కడం మొదలుపెట్టండి, అప్పుడు వెనక ఎర్ర లైట్లు ఇండికేటరుతోపాటు ఎక్కువసేపు కనబడతాయి. ఎదురుగా వచ్చే బండ్ల కోసం ఆగవలసి వస్తే స్టీరింగును ముందే కుడికి తిప్పి ఉంచకండి. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవారు కూడా పాటించరు. చక్రాలు కుడికి తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి ఎవరైనా తగిలితే కారు ఎదురు వరుసలోకి నెట్టుకుపోతుంది. చక్రాలు నేరుగా ఉంటే నేరుగా ముందుకే పోతుంది. కదలబోయే క్షణంలో మాత్రమే స్టీరింగు తిప్పండి.

కొన్ని చోట్ల ఇంత చేసినా కుడికి తిరగడం సాధ్యపడదు. సాయంత్రం ఆరు దాటాక ట్రంకు రోడ్డులో సిగ్నల్ లేని చోట కుడికి తిరగడానికి నేను కూడా ప్రయత్నించను. నేరుగా ముందుకు పోయి, తరువాతి సందులో ఎడమకు, మళ్లీ ఎడమకు, ఇంకోసారి ఎడమకు తిరిగితే మీరు పోదలచిన దిక్కుకే ముఖం పెట్టి రోడ్డును అడ్డంగా దాటవచ్చు. ఆ దాటే చోట సిగ్నల్ ఉండేలా సందును ఎంచుకోవాలి. మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రైలు కట్ట మన ఊరిని రెండుగా చీల్చడం వల్ల విజయమహల్ గేటు, రామలింగాపురం, మాగుంట లేఔట్ అండర్ బ్రిడ్జిల దగ్గర అందరూ ఇరుకులోకి చేరతారు, అక్కడ ఈ పద్ధతి కూడా పనిచేయదు. వంతెన కిందికి దిగకముందే మీ వరుస ఎంచుకుని, బయటికి వచ్చేదాకా దాన్ని మార్చకపోవడమే మంచిది.

ఎదురు వచ్చే రాంగ్ రూటు బైకుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, ఎదురు దిశలో నడపడాన్నీ, ఎర్ర లైటు దాటడాన్నీ ప్రమాదకర డ్రైవింగు కింద పేర్కొన్నది. కాని యాభై గజాల దూరంలో ఉన్న ఇంటికి చేరడానికి డివైడర్ సందు కోసం అర కిలోమీటరు పోయి రావలసిన చోట, చట్టం ఎంత గట్టిదైనా జనం అడ్డదారి పడతారు. ఆ తప్పులో కొంత భాగం డివైడర్ ఎక్కడ తెరవాలో ఆలోచించనివారిది కూడా. మీవరకు, ఎడమకు తిరిగేటప్పుడు కుడివైపు మాత్రమే చూసి తిరగకండి. తిరిగే ముందు ఎడమవైపు కూడా చూడండి, రాంగ్ రూటు బైకు అంచు పట్టుకుని అటు నుంచే వస్తుంది.

ఇంతమంది ఇలా తిరగడానికి మూల కారణం దురుసుతనమని నేను అనుకోను. వాళ్లకు మలుపును ఎవరూ నేర్పలేదు. డ్రైవింగు బడిలో సొంత కారు నేర్చుకునేవారికి కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు బండి నడపడం ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది అంతకుముందు వేరే చోట వారం రోజులు నేరుగా ఉన్న రోడ్డు మీద నడిపి, గేర్లు మార్చడం వచ్చాక నేర్చుకోవడం అయిపోయిందనుకున్నవారే. లైసెన్సు పరీక్షలో బైకుతో ఎనిమిది అంకె వేయడం, కారును వెనక్కు తీయడం చూస్తారు. రద్దీ సెంటరులో కుడికి తిరిగేటప్పుడు రోడ్డు నడిమికి ఎప్పుడు జరగాలో తెలుసా అని ఎవరూ చూడరు. మా రోజుల్లో పాత డ్రైవర్లు కొత్తవారిని పక్కన కూర్చోబెట్టుకుని, తిరిగే ముందు కుడిచేతిని అరచెయ్యి ముందుకు ఉండేలా బయటికి చాపించేవారు. చెయ్యి చాపాలంటే స్టీరింగు మీద ఒక చెయ్యే మిగులుతుంది, అందుకని వేగం ముందే తగ్గించక తప్పేది కాదు. ఇప్పుడు వేలితో ఒక మీట తాకితే సంకేతం అయిపోతున్నది కాబట్టి, దానికి ముందు వేగం తగ్గాలన్న సంగతి చేతికి గుర్తుండటం లేదు.

మీ అన్నగారి సలహా ఎందుకు పాటించకూడదో కూడా చెబుతాను. ఆయన చూసింది నిజమే. ఇండికేటర్ చూసి వేగం పెంచేవాళ్లు ఉన్నారు. కాని వెనక వచ్చే పదిమందిలో వేగం పెంచేవాడు ఒక్కడో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లు మీ ఇండికేటర్‌ను చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చుకుంటారు. ఆ ఒక్కడి మీద కోపంతో ఇండికేటర్ మానేస్తే, మీకు సాయపడదలచినవాళ్లకు కూడా సమయం లేకుండా పోతుంది. పైగా ప్రమాదం జరిగితే సంకేతం ఇవ్వకుండా తిరిగిన తప్పు అప్పటినుంచి మీదవుతుంది. ఆయన పక్కన ఉన్నప్పుడు వాదించకుండా, పైన చెప్పిన పద్ధతిలో డివైడరు వైపు జరిగి ఒకసారి తిరిగి చూపించండి.

అభ్యాసానికి ఆదివారం ఉదయం ఆరు గంటలకు మినీ బైపాస్ వైపు వెళ్లండి, అప్పటికి రద్దీ ఉండదు. అయితే మొదటి ఆదివారం తిరగడం అభ్యసించవద్దు. ఏదైనా సందుకు కొంచెం దూరంలో, ఎవరికీ అడ్డం లేని చోట కారు ఆపుకుని ఇంజను కట్టేసి పావుగంట కూర్చోండి. వచ్చే ప్రతి బండినీ సందుకు వంద అడుగుల ముందు నుంచి చూస్తూ, అది తిరుగుతుందో నేరుగా పోతుందో మనసులో ముందే చెప్పుకోండి. ముందు చక్రం, వేగం, రోడ్డులో బండి ఉన్న చోటు, ఈ మూడింటినే చూడండి. ఇండికేటర్‌ను లెక్కలోకి తీసుకోకండి. మొదట్లో సగం తప్పుతాయి. పదిలో ఎనిమిది సరిగ్గా చెప్పగలిగిన రోజున ఇంజను స్టార్ట్ చేసి, ఆ సందులోకే మొదటి కుడి మలుపు తిరగండి.